పంటి యాపదయందు కాలయాపన తగదు

(సంఘ వార్షిక మహాసభ సందర్భమున పోలవరమునందు చేసిన యుపన్యాసము)

  

మన సంఘ వార్షిక మహాసభ యీ సంవత్సరము గోదావరీ తీరమున, పట్టిసపు వీరభద్రస్వామివారి క్షేత్రమునకు చేరువనున్న యీ పోలవరమున జరుగుట మనకెల్లరకును ఆనందదాయకము. ఇట్టి సభయందు మాటలాడుటకు మాకు అవకాశమొసంగిన కార్యవర్గమువారికి మా వందనములు. విద్యావ్యాప్తి, వివాహవ్యయములు, విద్యార్థి వసతిగృహములు మున్నగు ఘనమైన విషయములను గూర్చి పెద్దలు ప్రసంగించియున్నారు. దంతవైద్య వృత్తిలోనున్న మాకు అప్పగింపబడిన విషయము వాటి సరసన మిక్కిలి స్వల్పముగా తోచును. పంటికి ఆపద వచ్చినప్పుడు ఆలస్యము లేక చికిత్స పొందుట యెట్లు? ఇదియే ఆ విషయము. మహాసభలో పంటినొప్పి ప్రసంగమేమని కొందరు చిఱునవ్వు నవ్వవచ్చును. నవ్వుటకును పండ్లే కావలయును గదా!

ఏ కష్టము వచ్చినను పంటిబిగువున నోర్చుకొనుమని మన పెద్దలు చెప్పుదురు. ఆ కష్టము పంటికే వచ్చినప్పుడు దేని బిగువున నోర్చుకొందుము? అయినను మనవారు ఓర్చుకొనుచునే యున్నారు. నాట్లు ముగియనిండని యొకరు, బిడ్డ పెండ్లి కానిండని యొకరు, పుష్యమాసము పోనిండని వేఱొకరు నొప్పిని వాయిదా వేయుచున్నారు. ఓర్పు సుగుణమే. పంటి విషయమున మాత్రము ఆ యోర్పే కీడునకు మూలమగుచున్నదని మనవి చేయుటకు మేమీ వేదిక నెక్కితిమి.

ఇది మన ప్రాంతమునకే పరిమితమైన బాధ కాదు. ప్రపంచారోగ్యసంస్థవారు 2022 వ సంవత్సరమున ప్రకటించిన నివేదికనుబట్టి భూమండలమున ఇంచుమించు 350 కోట్లమంది నోటివ్యాధులు గలవారు. ధనికదేశములందును నిర్లక్ష్యమునకు మూల్యము ప్రాణమే యైన సందర్భములు కలవు. అమెరికాలోని మేరీలాండు రాష్ట్రమున 2007 వ సంవత్సరమున పండ్రెండేండ్ల బాలుడొకడు, పుచ్చిన పంటినుండి చీము మెదడునకు వ్యాపింపగా మరణించెను. ఆ పన్నును సకాలమున తీయించుటకు ఎనుబది డాలర్లు చాలియుండెడివని నాటి పత్రికలు వ్రాసినవి. తరువాత శస్త్రచికిత్సలకై రెండున్నరలక్షల డాలర్లకు మించి వ్యయమయ్యెను; ప్రాణము దక్కలేదు. అంతటి సంపన్నదేశముననే యిట్లు జరిగినప్పుడు, అడవికిని ఏటికిని నడుమ నివసించు మన పల్లెలవారెంత జాగరూకులై యుండవలయునో మీరే యూహింపుడు.

మా యనుభవమున ఈ యాలస్యము మూడు విధములుగా కలుగుచున్నది. ఆపదయని తెలియకపోవుటవలన కలుగునది మొదటిది. తెలిసియు మనసొప్పకపోవుటవలన కలుగునది రెండవది. బయలుదేరవలెనన్నను దారియు, వాహనమును, ధనమును లేకపోవుటవలన కలుగునది మూడవది. మొదటి రెండును ఇంటివారు తొలగించుకొనదగినవి. మూడవదానిని తొలగించుటకే సంఘము కావలయును.

ఏది ఆపద?

ప్రతి పంటినొప్పియు అర్ధరాత్రమున పరుగెత్తవలసినది కాదు. చల్లనీరు త్రాగినప్పుడు పన్ను జివ్వుమనుట, చిగుళ్ళనుండి కొంచెము రక్తము కారుట మున్నగువానికి నాలుగుదినములలో వీలుచూచుకొని వైద్యుని కడకు పోవచ్చును. కాని నాలుగు సందర్భములందు కాలయాపన తగదు. వానిని తల్లులు, ఉపాధ్యాయులు, మేస్త్రీలు, బండి నడుపువారు గుర్తించియుండవలెను.

మొదటిది, దెబ్బ తగిలి పన్ను వేరుతోసహా ఊడివచ్చుట. పంటివేరును దవడయెముకకు పట్టియుంచు సన్ననిపొర యొకటి కలదు. పన్ను ఊడినను ఆ పొరయందలి కణములు కొంతసేపు వేరును అంటిపెట్టుకొని సజీవముగానే యుండును. అవి బ్రతికియున్నంతవరకు పన్నును మరల నాటవచ్చును. ఇది రైతులకు మేము వివరింపనక్కరలేదు. పెరికిన వరినారును ఎండలో గట్టుమీద పడవేసినయెడల అది నాటుటకు పనికివచ్చునా? వేళ్ళు తడిగానున్నచో పూటసేపైనను నిలుచును. పన్నును అట్టిదే. పొడిగానున్నచో పావుగంటకే దాని వేరుమీది పొర నీరసించును. గంట గడచునప్పటికి చాలవరకు నశించును.

కావున అట్టి సమయమున చేయవలసిన పని వినుడు. పన్నును వెదకి, తెల్లని పైభాగమును పట్టుకొని తీయవలెను. వేరును తాకరాదు, తోమరాదు, గుడ్డతో తుడువరాదు. మన్ను అంటియున్నచో పాలతో ఒక్క క్షణము కడుగవలెను. వెంటనే ఆ పన్నును దాని గుంటలోనే సరిగానుంచి, శుభ్రమైన చేతిరుమాలును మెల్లగా కొరికి పట్టుకొనుమని చెప్పి వైద్యుని కడకు బయలుదేరవలెను. ధైర్యము చాలనిచో చల్లారిన పాలగ్లాసులో పన్నునువైచి తీసికొనిపోవలెను. పాలు దొరకనిచో రోగి లాలాజలమునే చిన్నపాత్రలో పట్టి అందుంచవచ్చును. మజ్జిగ పనికిరాదు; కొబ్బరినీటికంటె పాలే మేలు. రోగికి స్పృహ లేకున్నను, తలకు దెబ్బ తగిలియున్నను పన్నును నోటిలో నుంచరాదు. ముందు ప్రాణము, తరువాత పన్ను. మన్నులో పడినవాడైనచో ధనుర్వాతపు సూదిమందు సంగతియు వైద్యునకు జ్ఞాపకము చేయవలెను.

ఇందొక విశేషము కలదు. పాలపన్ను ఊడినయెడల మరల నాటరాదు. నాటినచో దానిక్రింద పెరుగుచున్న పంటికి కీడు కలుగును. ముందరి పాలపండ్లు సాధారణముగా ఆరవయేట మొదలుకొని ఊడి, వాని స్థానమున జీవితాంతము నిలువవలసిన పండ్లు వచ్చుచుండును. ఈ భేదము తెలియకపోవుటచేత జరిగిన యొక నష్టమును మేమెరుగుదుము. ఏటిగట్టున నున్న యొక గ్రామమున తొమ్మిదేండ్ల బాలుడు ఉయ్యాలబల్ల తగిలి ముందరిపన్ను పోగొట్టుకొనెను. పాలపన్ను ఊడగా పేడలో చుట్టి యింటికప్పుమీదికి విసరుట మన పల్లెలందు వాడుక గదా! ఆ యింటి ముసలమ్మ ప్రేమతో అట్లే చేసెను. మరునాడు బాలుని మా కడకు తెచ్చిరి. పన్ను పెంకుల నడుమ నుండెను. మరికొన్నియేండ్లకు వేఱొక గ్రామమున అట్టి దెబ్బయే తగిలిన బాలికను ఆమె పాఠశాలయందలి పంతులమ్మగారు మధ్యాహ్న భోజనశాలలోని పాలగ్లాసులో పన్నునుంచి మోటారుసైకిలుపై తీసికొనివచ్చిరి. ఆ పన్ను నిలిచినది. ఇద్దరి యెడలను ప్రేమ సమానమే. తెలిసియుండుటయే భేదము.

రెండవది, దవడవాపు. పంటినడుమ నరములును రక్తనాళములును గల మెత్తని పదార్థముండును. పుప్పి అచ్చటికి చేరినప్పుడు ఆ పదార్థము వాయును. చుట్టును గట్టిగోడలుండుటచే వాచుటకు చోటుండదు. అందుచేతనే ఆ నొప్పి భరింపరానిది, పండుకొన్నప్పుడు హెచ్చునది. కొన్నినాళ్ళకు నొప్పి అకస్మాత్తుగా నిలిచిపోవును. "తగ్గిపోయినది, దేవుడు మేలుచేసెను" అని మనవారు సంతసింతురు. తగ్గినది వ్యాధి కాదు. నరము చచ్చి నొప్పి తెలియుట మానినది. సూక్ష్మజీవులు వేరుకొననుండి యెముకలోనికి దిగుచునేయుండును. క్రింది దవడ వెనుకటి పండ్ల వేళ్ళు నోటియడుగు కండరమునకు దిగువవరకు పోవుటచే, అచ్చటి చీము నోటిలోనికి రాక మెడలోనికి దిగును. జర్మనీదేశపు వైద్యుడు లుడ్విగ్ అనువాడు 1836 వ సంవత్సరమున వర్ణించిన ఘోరవ్యాధి యిదియే. నేటికిని అతనిపేరనే వ్యవహరింపబడుచున్నది. గవదక్రింద రెండువైపుల గట్టిగావాచి, నాలుక పైకి నెట్టబడి, మ్రింగుటకును ఊపిరి పీల్చుటకును వీలులేక మనుష్యుడు గంటల వ్యవధిలో మరణింపవచ్చును.

కావున వాపుతోకూడ జ్వరము, నోరు తెరువలేకపోవుట, ఉమ్మిని మ్రింగలేకపోవుట, మాట ముద్దగా వచ్చుట, వాపు కంటివైపునకుగాని మెడవైపునకుగాని ప్రాకుట, వీనిలో నేదియైన కనబడినచో తెల్లవారువరకు వేచియుండరాదు. అది పంటివైద్యుని గదికి పోవలసిన సమయముగాదు, పెద్ద ఆసుపత్రికి పోవలసిన సమయము. మధుమేహముగలవారికి ఈ వాపు మఱింత వేగముగా వ్యాపించును గనుక వారు రెట్టింపు జాగ్రత్తతో నుండవలెను.

మూడవది, పన్ను తీసిన పిదప రక్తము నిలువకపోవుట. శుభ్రమైన గుడ్డను మడిచి, ఆ గుంటపై నుంచి, అరగంటసేపు విడువక గట్టిగా కొరికిపట్టుకొనవలెను. నిమిషమునకొకమారు తీసిచూచుటయు, పుక్కిలించుటయు, ఉమ్మివేయుటయు కూడదు. అవి గడ్డకట్టిన రక్తమును కదలించును. ఇట్లుచేసినను నిలువనిచో ఆసుపత్రికి పోవలెను. గుండెజబ్బునకై రక్తమును పలుచజేయు మాత్రలు వాడువారు ఆ సంగతి పన్ను తీయించుకొనుటకు ముందే వైద్యునకు చెప్పవలెను. తమంతట తాము ఆ మాత్రలను మానరాదు.

నాలుగవది, మోటారుసైకిలు ప్రమాదమునగాని, చెట్టుమీదినుండి పడుటచేగాని, పశువు కుమ్ముటచేగాని దవడయెముక విరుగుట. పండ్ల వరుస తప్పుట, నోరు మూయగా పై పండ్లును క్రింది పండ్లును మునుపటివలె కలియకపోవుట దానికి గుర్తులు. దవడ కదలకుండ క్రిందినుండి ఆనియుంచి, నోటిలోని రక్తము గొంతులోనికి పోకుండ ముందుకు వంగియుండనిచ్చి, తక్షణమే తరలింపవలెను.

మనసొప్పని యాలస్యము

ఇక తెలిసియు జాగుచేయుట. దీనికి మొదటి కారణము భయము. పైపన్ను తీయించినచో కంటిచూపు పోవునను నమ్మకము మన యిండ్లలో నేటికిని దృఢముగా నున్నది. దీనికి మూలము లేకపోలేదు. పైపండ్లను పెరుకుటవలన రక్తస్రావము మితిమీరి కంటికి కీడు కలుగునని మన ప్రాచీన వైద్యగ్రంథమైన సుశ్రుతసంహితయే హెచ్చరించుచున్నది. రక్తమును నిలుపు సాధనములు స్వల్పముగానున్న ఆ కాలమునకు ఆ హెచ్చరిక తగినదే. కాని చూపునకు సంబంధించిన నరము వేరు, పంటినరము వేరు. నేటి పద్ధతిలో పన్ను తీయుటవలన చూపునకు హాని లేదు. పైదవడ పంటి చీమును నిర్లక్ష్యము చేసినయెడల అది కంటిగుంటకును, అచ్చటినుండి మెదడునకును ప్రాకిన సందర్భములు మాత్రము వైద్యశాస్త్రమున నున్నవి. కంటికి కీడు తెచ్చునది తీయించిన పన్ను కాదు, తీయింపక విడిచిన పన్ను.

నొప్పియను భయము రెండవది. శస్త్రచికిత్సను నొప్పిలేకుండ చేయవచ్చునని 1846 వ సంవత్సరము అక్టోబరు 16 వ తేదీన బోస్టను నగరపు ఆసుపత్రిలో ఈథరు నిచ్చి లోకమునకు చూపిన మార్టను స్వయముగా దంతవైద్యుడు. స్వీడను దేశమున 1943 వ సంవత్సరమున లోఫ్‌గ్రెను కనిపెట్టిన లిడోకైను అను మందు నేడు చిన్నయూరి దంతవైద్యుని కడను లభించును. సూది గ్రుచ్చినప్పటి చురుకు తప్ప, రాత్రులు మేలుకొని పడినబాధలో నూరవవంతైనను ఉండదు.

గర్భిణీస్త్రీలకు పంటివైద్యము చేయింపరాదనునది మూడవ భ్రమ. మన సోదరీమణులు ఈ మాట విని తొమ్మిదినెలలు చీముతో వేగుచున్నారు. నడిమి మూడునెలలు చికిత్సకు అనుకూలమైన కాలము. ఆపద వచ్చినప్పుడు ఏ నెలయైనను చికిత్స ఆపరాదు. గర్భమని వైద్యునకు చెప్పిన చాలును. తగిన మందును అతడే యెన్నుకొనును. తల్లి దేహమున జ్వరము, చీము నిలిచియుండుటయే బిడ్డకు అపాయకరము.

నాలుగవది సొంతవైద్యము. పుప్పిపంటిలో జిల్లేడుపాలు పోయుట, పొగాకు కూరుట, కర్పూరము నొక్కుట, ఆస్పిరిను మాత్రను చిగురుపై నుంచుట, ఇవన్నియు చిగురును కాల్చి పుండ్లను కలిగించును. లవంగనూనె కొంతసేపు నొప్పిని మఱపించును, వ్యాధిని కుదుర్పదు. వాపుపై వేడికాపడము పెట్టుట మానవలెను. బయలుదేరువరకు ఉపశమనమునకై తగిన మోతాదున పారాసిటమాలు మాత్ర వేసికొనుట సాధారణముగా చాలును.

మందుల యంగడిలో నాలుగు మాత్రలు కొని రెండునాళ్ళు మ్రింగి మానుట అన్నిటికంటె హెచ్చుగా నడుచుచున్న పొరపాటు. మన భీమవరమున 1895 వ సంవత్సరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ పరిశోధనాలయమునకు నాయకులై యుండగా, అచ్చటి శాస్త్రజ్ఞుడు డగ్గరు కనిపెట్టిన ఆరియోమైసిను 1948 వ సంవత్సరమున లోకమునకు వెల్లడియయ్యెను. టెట్రాసైక్లిను జాతి మందులలో అదియే మొదటిది. ఎందఱి ప్రాణములనో నిలిపిన యీ జాతిమందే ఎదుగుచున్న చిన్నబిడ్డలకిచ్చినచో వారి పండ్లు శాశ్వతముగా రంగుమారును. మందు గొప్పదగుట వేరు, దానిని ఎవరికి, ఎంత, ఎన్నినాళ్ళు ఇవ్వవలెనో తెలిసియుండుట వేరు. ఏ మాత్రయైనను చీమునకు మూలమైన పంటిని బాగుచేయదు. చీమును వెడలించి, పంటివేరును శుద్ధిచేయుటయో, పన్ను తీయుటయో జరుగవలసినదే.

సంతలలో కూర్చుండి పండ్లు పెరుకువారి కడకు పోవువారు నేటికిని కలరు. పళ్ళూడగొట్టుకొనుటకు ఏ రాయి అయిననేమను సామెత వారిపట్ల చెల్లదు, రాయినిబట్టియే ఫలితముండును. 1948 వ సంవత్సరపు దంతవైద్యుల చట్టము మొదలుకొని, రిజిస్టరునందు పేరు లేనివాడు దంతవైద్యము చేయరాదనునది న్యాయశాసనము. శుద్ధిచేయని పనిముట్లతో రక్తమునంటు వ్యాధులు ఒకరినుండి యొకరికి పోవుననుట మఱువరాదు.

దారి వలని యాలస్యము

ఇంతవరకు చెప్పినది ఇంటిలోని మాట. ఇక దారిమాట. పోలవరమునుండి తాళ్ళపూడి మీదుగా కొవ్వూరునకు పోయి, గోదావరిని దాటి రాజమహేంద్రవరము చేరవలెను. 1974 వ సంవత్సరమున రైలు-రోడ్డు వంతెన తెరచిన నాటినుండి రేవుకడ పడవకై వేచియుండు బాధ తప్పినది. అయినను పన్ను ఊడిన గంటలోపల పోలవరమునుండి బయలుదేరి వైద్యుని ముందు కూర్చుండుట అన్నివేళల సాధ్యమగునా? ఎగువ కొండపల్లెలవారి సంగతియు, 2014 వ సంవత్సరమున తెలంగాణమునుండి ఈ వైపునకు వచ్చిచేరిన కుక్కునూరు, వేలేరుపాడు మండలములవారి సంగతియు చెప్పనక్కరలేదు. 1986 ఆగస్టునందును, 2022 జూలైయందును గోదావరి పొంగినప్పుడు ఏటిగట్టుమీది దారులే మునిగినవి. ఇందుచేతనే పన్నును పాలలోనుంచుమని మేమింతగా నొక్కిచెప్పుట. దారి దూరమైనచోట ఇంటిలో చేసిన మొదటి సహాయమే చికిత్సలో సగభాగము.

వైద్యులు లేరని నిరాశపడనక్కరలేదు. రాజమహేంద్రవరమునకు చేరువనున్న రాజానగరమున జి. ఎస్. ఎల్., లెనోరా దంతవైద్య కళాశాలలును, ఏలూరు దాపున దుగ్గిరాలలో సెయింట్ జోసెఫ్ దంతవైద్య కళాశాలయు, భీమవరమున విష్ణు దంతవైద్య కళాశాలయు కలవు. ఇట్టి కళాశాలలందు విద్యార్థులు ఆచార్యుల పర్యవేక్షణమున చికిత్స చేయుదురు గనుక వ్యయము సాధారణముగా స్వల్పము. ప్రాణాపాయకరమైన వాపునకును, దవడ విరుగుటకును రాజమహేంద్రవరము, ఏలూరు పట్టణములందలి ప్రభుత్వాసుపత్రులు శరణ్యములు. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2005 ఆగస్టు 15 న ప్రారంభమైన 108 వాహనము పంటివాపునకు రాదని మనవారనుకొందురు. ఊపిరాడని వాపు గుండెపోటువలెనే ప్రాణాపాయము. "పంటినొప్పి" యని మాత్రము చెప్పి ఊరకుండక, "మెడ వాచినది, మ్రింగలేకున్నాడు, ఊపిరి కష్టముగానున్నది" యని స్పష్టముగా ఫోనులో చెప్పవలెను.

మేమెరిగిన యొక కౌలురైతు నాట్లవేళ నాలుగునాళ్ళు మాత్రలతో గడపి, ఐదవరాత్రి నోరు తెరువలేనిస్థితిలో పట్టణమునకు తేబడెను. గొంతునకు రంధ్రముచేసి ఊపిరి నిలుపవలసివచ్చినది. బ్రతికెను, కాని మూడువారములు ఆసుపత్రిలోనుండుటచేత ఆ యేటి పంటయు, ఇల్లాలి మెడలోని పుస్తెలతాడును పోయినవి. "మొదటినాడే యేల రాలే"దని యడుగగా, "బస్సు ఖర్చునకు చేతిలో లేక, అడుగుటకు నామోషియై ఊరకుంటి"నని యతడు చెప్పెను. దాతలారా! ఈ యొక్కమాటకొరకే మేము మిమ్ములనింతసేపు కూర్చుండబెట్టితిమి. అడుగుటకు సిగ్గుపడవలసిన యవసరము లేకుండ చేయుటకు గాక, మఱి సంఘమెందుకు?

సంఘము చేయదగిన పనులు

కావున మహాసభవారి యాలోచనకై కొన్ని సూచనలను వినయపూర్వకముగా సమర్పించుచున్నాము.

మన సంఘమునకు శాఖలున్న ప్రతిగ్రామమున ఒక పురుషునికిని ఒక స్త్రీకిని పైని చెప్పిన నాలుగు ఆపదల విషయమున ఒక్కదినపు శిక్షణ నిప్పింపవలెను. వారి ఫోను సంఖ్యలు, రాత్రివేళ తెరచియుండు ఆసుపత్రుల పేర్లు, ముందుగా విచారించి వ్రాసిన కరపత్రమును ప్రతియింటి గోడకును, ప్రతి బడికిని, మన వసతిగృహములకును అంటింపవలెను. ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వుట యెంతటిదో, దవడ వాచినపిదప ఫోను సంఖ్యకై వెదకుటయు నంతటిదే.

మన దాతలొసంగు విరాళములనుండి కొంత మూలధనమును ప్రత్యేకించి, దానిపై వచ్చు వడ్డీతో ఆపత్సహాయనిధిని నెలకొల్పవలెను. ఇందొక నియమమును మేము గట్టిగా కోరుచున్నాము. అర్ధరాత్రమున కార్యవర్గము సమావేశము కాజాలదు. దారిఖర్చునకును మొదటి చికిత్సకును చాలునంత సొమ్ము గ్రామశాఖవారి చేతిలోనే యుండవలెను. దరఖాస్తు, తీర్మానము లేక ఆ గంటలోనే యియ్యవలెను. లెక్క తరువాత చూపవచ్చును. పుచ్చుకొన్నవారి పేర్లను సభలలో చదువరాదు.

ఏటేట రెండుమారులు దంతవైద్య కళాశాలలవారిని ఆహ్వానించి పరీక్షాశిబిరములు జరిపింపవలెను. మహాశివరాత్రికి పట్టిసమునకు వేలకొలది యాత్రికులు వత్తురు. అన్నదానపు పందిటి ప్రక్కనే వైద్యపు పందిరి యొకటి వేయుట మనకు భారము కాదు. పుప్పి చిన్నదిగానున్నప్పుడు పూడ్పించినచో ఆపదయే రాదు. నోటిలో రెండువారములకు మించి మానని పుండున్నవారు, ముఖ్యముగా చుట్టయు పొగాకును అలవాటుగలవారు, నొప్పి లేదని ఊరకుండక ఆ శిబిరములందు తప్పక చూపించుకొనవలెను.

భారతప్రభుత్వమువారు 2012 వ సంవత్సరమున సవరించిన ప్రమాణములనుబట్టి ప్రతి సామాజికారోగ్యకేంద్రమునను దంతవైద్యుడుండవలెను. ఉన్న చోట పరికరములును మందులును సక్రమముగా నున్నవో లేవో విచారించుచు, లేనిచోట నియమింపుమని ప్రభుత్వమునకు మహజరు పంపుచు నుండుట సంఘముయొక్క విధి. ఒక్కరడిగిన విజ్ఞప్తి, సంఘమడిగిన హక్కు.

కడపటి సూచన యన్నిటికంటె ముఖ్యము. ఈ నిధియు, ఈ శిక్షణయు, ఈ వాహనసహాయమును మన కులమువారికే పరిమితము చేయరాదు. ప్రక్కయింటి బిడ్డ నోట రక్తము కారుచుండగా నీదే కులమని అడుగువాడు మనలో లేడని మా నమ్మకము. ఎగువ కొండలందలి కోయలు, కొండరెడ్లు, ప్రాజెక్టు నిర్మాణముచేత పుట్టినయూరు విడిచి క్రొత్త కాలనీలలో చేరినవారు మన పొరుగువారే. మన సంఘము పేరున వారి ప్రాణమొకటి నిలిచినయెడల, మన కులమునకు అంతకుమించిన కీర్తి మఱియొకటి లేదు. కులమును ఉద్ధరించుకొనుట యనగా పరులకు ఉపయోగపడు శక్తిని సంపాదించుకొనుటయే యని మేము తలంతుము.

సోదరులారా! మేము కోరునది పెద్ద భవనము కాదు, గొప్ప యుత్సవము కాదు. ప్రతియింట ఒక పాలగ్లాసు సంగతి తెలిసిన తల్లియు, ప్రతియూర ఒక ఫోను నందుకొనువాడును, ప్రతి శాఖయందును రాత్రివేళ తెరచు ఒక చిన్నపెట్టెయు చాలును. వచ్చెడి మహాసభనాటికి ఎన్నిగ్రామములందు ఈ పని జరిగినదో లెక్కచెప్పుకొనునట్లు కార్యవర్గమువారు ఈ సభలోనే తీర్మానము గావింతురుగాక యని ప్రార్థించుచున్నాము.